పొగ లేని రేవులు

ఉద్దేశం

సముద్ర వాణిజ్యం దేశ సంపదకు ఆధారం. ఆ వాణిజ్యం సాగే ఓడరేవులలో వెలువడే పొగను నివారించడంలో విద్యుచ్ఛక్తికీ, దానిని నిల్వచేసే బ్యాటరీలకూ గల పాత్రను వివరించడం, అభివృద్ధి భారం ఎవరిపై పడుతున్నదో విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆంధ్రుల చరిత్రలో సముద్ర వ్యాపారానికి విశిష్ట స్థానం ఉంది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. గాలివానకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని సరకులను అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల సొత్తును నిర్ణీతమైన సుంకం మినహా ముట్టబోమని గణపతిదేవుడు ఆ శాసనంలో అభయమిచ్చాడు. అందుకే అది అభయ శాసనంగా ప్రసిద్ధి పొందింది. తరువాతి కాలంలో శ్రీనాథ మహాకవి తన హరవిలాస కావ్యాన్ని అంకితమిచ్చినది కూడా అవచి తిప్పయసెట్టి అనే సుప్రసిద్ధ వర్తకునికే. రేవు చల్లగా ఉంటే రాజ్యం చల్లగా ఉంటుందన్న సత్యాన్ని మన పూర్వులు ఎరిగినవారు.

ఆనాటి ఓడలకు గాలే ఇంధనం, తెరచాపే యంత్రం. నేటి ఓడలు అట్టివి కావు. ప్రపంచ వాణిజ్య పరిమాణంలో 80 శాతానికి పైగా సముద్రమార్గానే సాగుతున్నది. ఈ భారాన్ని మోసే నౌకలలో అత్యధిక భాగం చమురును మండించి నడుస్తున్నవే. సరకు దూరప్రాంతాలకు చేరుతుంది, లాభం వర్తకునికి దక్కుతుంది. పొగ మాత్రం రేవు పక్కనున్న పేటలలోనే మిగిలిపోతుంది. రేవుకు వచ్చే వర్తకునికి ఆనాటి రాజు అభయమిచ్చాడు. రేవు పక్కన నివసించే సామాన్యునికి నేడు అభయమిచ్చేదెవరు? ఈ ప్రశ్నకు విజ్ఞానశాస్త్రం చూపుతున్న సమాధానాన్ని పరిశీలిద్దాం.

ఆగిన ఓడ, ఆగని పొగ

నడిసముద్రంలో సాగే ఓడ పొగ వదలడం మనకు సహజంగానే తోస్తుంది. కాని రేవు గోడకు మోకులతో కట్టి నిలిపిన ఓడ కూడా రాత్రింబగళ్లు పొగ వదులుతూనే ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఓడను నడిపే ప్రధాన యంత్రం ఆగినా దీపాలు వెలగాలి, పంపులు పనిచేయాలి, లోపలి గదులకు గాలి అందాలి. చేపలు, పండ్లు, ఔషధాలు నింపిన శీతల కంటెయినర్లకు విద్యుత్తు నిరంతరం కావాలి. ఈ అవసరాలకై ఓడలోనే సహాయక డీజిల్ జనరేటర్లు ఉంటాయి. పెద్ద కంటెయినర్ నౌకకు రేవులో నిలిచి ఉన్న సమయంలోనే వెయ్యి మొదలుకొని కొన్ని వేల కిలోవాట్ల విద్యుత్తు అవసరమవుతుంది. వేలాది యాత్రికులతో తిరిగే విహారనౌకకు దాదాపు పదివేల కిలోవాట్లు కావాలి. అంటే ఒక చిన్న పట్టణానికి సరిపడే విద్యుత్ కేంద్రం ఊరి నడుమ పొగగొట్టం ఎత్తి నిలిచినట్లే.

ఈ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు, గంధకపు ఆక్సైడ్లు, కంటికి కనిపించని సూక్ష్మమైన మసి రేణువులు ఉంటాయి. ఆ రేణువులు ఊపిరితిత్తుల లోతులకు చేరి శ్వాసకోశ వ్యాధులకూ, హృద్రోగాలకూ దారితీస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం వరకు ఉండవచ్చునన్న పరిమితిని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020 జనవరి 1 నుండి 0.5 శాతానికి తగ్గించింది. దీనివల్ల గంధకపు కాలుష్యం తగ్గింది గాని, చమురు మండినంతకాలం పొగ పూర్తిగా తొలగదు.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ రేవు చరిత్ర ఈ సందర్భంలో గమనింపదగినది. అక్కడ ఒక కొత్త కంటెయినర్ టెర్మినల్ నిర్మాణానికి అనుమతి లభించినప్పుడు, పర్యావరణంపై దాని ప్రభావాన్ని సక్రమంగా పరిశీలించలేదని సమీపంలోని శాన్ పెడ్రో నివాసులూ, పర్యావరణ సంఘాలూ 2001లో న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2002లో న్యాయస్థానం వారి వాదనను సమర్థించింది. 2003లో ఉభయపక్షాల మధ్య ఒప్పందం కుదిరింది. దాని ఫలితంగా 2004 జూన్‌లో అదే టెర్మినల్‌లో, రేవులో నిలిచిన కంటెయినర్ నౌకలకు ఒడ్డు నుండి విద్యుత్తు అందించే ఏర్పాటు మొదలైంది. కంటెయినర్ టెర్మినల్‌లో ఇట్టి ఏర్పాటు జరగడం ప్రపంచంలో అదే ప్రథమం. అయితే ఆ టెర్మినల్ విషయంలో 2008లో అంగీకరించిన నివారణ చర్యలలో కొన్ని అమలు కాలేదని 2015లో రేవు యాజమాన్యమే వెల్లడించింది. ఒప్పందం కుదరడంతో పని ముగియదనీ, ప్రజలు నిరంతరం మెలకువతో ఉండాలనీ ఈ ఉదంతం బోధిస్తున్నది.

తీర విద్యుత్తు

ఒడ్డు నుండి ఓడకు విద్యుత్తును అందించే పద్ధతిని తీర విద్యుత్ సరఫరా అనవచ్చు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ రేవు 2000లోనే సరకు రవాణా ఓడలకు అధిక వోల్టేజి తీర విద్యుత్తును అందించింది. వినడానికి ఇది సులభమైన పనిగా తోస్తుంది. ఇంట్లో ప్లగ్గు పెట్టినట్లు ఓడకు తీగ తగిలిస్తే చాలు గదా అనిపిస్తుంది. వాస్తవంలో ఇందులో మూడు చిక్కులు ఉన్నాయి.

మొదటిది, వోల్టేజి. వేల కిలోవాట్ల విద్యుత్తును తక్కువ వోల్టేజిలో పంపాలంటే లెక్కలేనన్ని లావుపాటి తీగలు కావాలి. కాబట్టి 6,600 లేక 11,000 వోల్టుల వద్ద సరఫరా చేస్తారు. రెండవది, పౌనఃపున్యం. భారతదేశంలోనూ ఐరోపాలోనూ విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలతో ప్రవహిస్తుంది. సముద్రయాన నౌకలలో అధిక భాగం 60 ఆవృత్తాలతో పనిచేస్తాయి. ఈ తేడాను సరిదిద్దడానికి రేవులో ఖరీదైన పరివర్తక యంత్రాలు నెలకొల్పాలి. మూడవది, ఓడ జనరేటర్ నుండి తీర విద్యుత్తుకు మారే క్షణం. రెండు సరఫరాల లయను ముందుగా ఒకటిగా కలిపి, ఆ తరువాతే జనరేటర్‌ను ఆపాలి. లేకుంటే ఓడ అంతా ఒక్కసారిగా చీకటిమయమవుతుంది. ఏ దేశపు ఓడ ఏ దేశపు రేవుకు వెళ్లినా ఈ పని సజావుగా సాగడానికి 2012లో అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందాయి.

చట్టాలు కూడా ఈ మార్పుకు తోడ్పడుతున్నాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 2014 నుండి తన రేవులకు తరచుగా వచ్చే నౌకాసమూహాల రాకలలో సగం వరకు, 2020 నాటికి 80 శాతం వరకు, జనరేటర్లు ఆపి తీర విద్యుత్తు వాడడం వంటి పద్ధతులు పాటించాలని శాసించింది. ఐరోపా సమాజం 2030 నుండి తన ముఖ్యమైన రేవులలో నిలిచే పెద్ద కంటెయినర్ నౌకలకూ, ప్రయాణికుల నౌకలకూ దీనిని తప్పనిసరి చేసింది.

ఎత్తే క్రేన్, దించే క్రేన్

రేవులో పొగ వదిలేది ఓడ ఒక్కటే కాదు. సరకు పెట్టెలను పేర్చే క్రేన్లు, వాటిని లాగుకొనిపోయే ట్రాక్టర్లు, ఓడలను దారిలో పెట్టే టగ్గు పడవలు సంప్రదాయంగా డీజిల్‌తో నడిచేవే. వీటిని విద్యుత్తుకు మార్చడం రెండవ మెట్టు. ఇందులో ఒక చక్కని భౌతికశాస్త్ర సూత్రం ఇమిడి ఉంది.

30 టన్నుల బరువున్న ఒక కంటెయినర్‌ను 30 మీటర్ల ఎత్తుకు లేపామనుకుందాం. దానికి ఖర్చయ్యే శక్తి సుమారు రెండున్నర యూనిట్లు మాత్రమే. మన ఇంట్లో ఒక పంకా ఒకటి రెండు రోజులు తిరగడానికి అయ్యే ఖర్చు అంతే. కాని క్రేన్ ఆ పనిని 30 సెకన్లలో ముగించాలి. అందువల్ల ఆ అరనిమిషం పాటు దాదాపు 300 కిలోవాట్ల సామర్థ్యం అవసరమవుతుంది. ఖర్చయ్యే శక్తి స్వల్పం. ఒక్కసారిగా కలిగే గిరాకీ మాత్రం అనల్పం. ఈ భేదాన్ని గుర్తించడమే ఈ పాఠంలో కీలకం.

పెట్టెను కిందికి దించేటప్పుడు మరొక విశేషం జరుగుతుంది. దిగే బరువు మోటారును వెనుకకు తిప్పుతుంది. అప్పుడు మోటారు జనరేటర్‌గా మారి విద్యుత్తును ఉత్పత్తి చేస్తుంది. మామూలు డీజిల్ క్రేన్‌లో ఈ శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. విద్యుత్ క్రేన్‌లో దానిని తిరిగి వాడుకోవచ్చు, లేదా బ్యాటరీలో దాచుకోవచ్చు. అమెరికాలోని లాంగ్ బీచ్ రేవులో 2011లో ఆరంభమై 2021లో పూర్తయిన కంటెయినర్ టెర్మినల్‌లో క్రేన్లు దాదాపు అన్నీ విద్యుత్తుతోనే పనిచేస్తాయి. డ్రైవర్ లేకుండా తిరిగే బండ్లు బ్యాటరీ తగ్గినప్పుడు తామే ఒక శాలకు వెళ్తాయి. అక్కడ యంత్రాలు పాత బ్యాటరీని తీసి నిండిన బ్యాటరీని అమర్చుతాయి.

చెరువు వంటి బ్యాటరీ

రేవును విద్యుత్తుకు మార్చగానే కొత్త సమస్య ఎదురవుతుంది. ఓడలు వరుసగా గంటకొకటి చొప్పున రావు. ఒక్కొక్కప్పుడు రేవు ఖాళీగా ఉంటుంది. మరొకప్పుడు మూడు నాలుగు ఓడలు ఒకేసారి చేరుతాయి. అప్పుడు గిరాకీ ఒక్కసారిగా మిన్నంటుతుంది. ఆ కొద్ది గంటల కోసం పెద్ద ఉపకేంద్రాలు, పొడవైన విద్యుత్ మార్గాలు నిర్మిస్తే మిగిలిన కాలమంతా అవి నిరుపయోగంగా పడి ఉంటాయి.

ఇటువంటి సమస్య తెలుగు రైతుకు కొత్తది కాదు. వాన ఏడాదిలో కొద్ది రోజులే కురుస్తుంది. పైరుకు నీరు మాత్రం నెలల తరబడి కావాలి. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప వంటి చెరువులు వెలసింది ఈ వ్యత్యాసాన్ని సరిదిద్దడానికే. నీరు వచ్చినప్పుడు చెరువు నిలుపుకొంటుంది; అవసరమైనప్పుడు తూము ద్వారా వదులుతుంది. విద్యుత్తు విషయంలో బ్యాటరీ చేసే పని ఇదే. గిరాకీ లేని వేళ మెల్లగా నిండుతుంది, గిరాకీ పెరిగిన వేళ ఒక్కసారిగా ధారపోస్తుంది.

దీనికి చక్కని ఉదాహరణ నార్వే దేశంలో ఉంది. అక్కడ కొండల నడుమకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయలను ఫ్యోర్డులంటారు. సోగ్నె ఫ్యోర్డుపై లావిక్, ఒప్పెడాల్ అనే రెండు చిన్న గ్రామాల మధ్య 2015 నుండి ఆంపియర్ అనే ఓడ కార్లనూ మనుషులనూ దాటిస్తున్నది. పూర్తిగా బ్యాటరీతో నడిచే ప్రపంచపు తొలి కార్ల ఫెర్రీ ఇదే. అది 120 కార్లనూ, 360 మంది ప్రయాణికులనూ మోయగలదు. దాదాపు 6 కిలోమీటర్ల దూరాన్ని 20 నిమిషాలలో దాటుతుంది. ఒక్కొక్క ప్రయాణానికి సుమారు 150 యూనిట్లు ఖర్చవుతాయి. ఒడ్డున ఆగే 10 నిమిషాలలోనే ఆ మేరకు బ్యాటరీ తిరిగి నిండాలి.

లెక్క కట్టి చూద్దాం. 150 యూనిట్లను 10 నిమిషాలలో ఎక్కించాలంటే 900 కిలోవాట్ల సామర్థ్యం కావాలి. కొద్ది ఇళ్లకు విద్యుత్తు అందించడానికి వేసిన గ్రామీణ విద్యుత్ మార్గం అంతటి భారాన్ని తట్టుకోలేదు. అందుచేత రెండు ఒడ్డులలోనూ ఒక్కొక్క బ్యాటరీని నెలకొల్పారు. ఓడ అవతలి ఒడ్డుకు వెళ్లి తిరిగి వచ్చేందుకు, ఆగే సమయంతో కలిపి, సుమారు ఒక గంట పడుతుంది. ఆ గంట సేపూ ఒడ్డున ఉన్న బ్యాటరీ గ్రామపు మార్గం నుండి మెల్లగా విద్యుత్తు తీసుకుంటుంది. 150 యూనిట్లను గంట వ్యవధిలో తీసుకోవడానికి 150 కిలోవాట్లు చాలు. 900 కిలోవాట్ల గిరాకీ ఈ విధంగా ఆరవ వంతుకు తగ్గింది. గ్రామంలో ఇళ్ల దీపాలు మసకబారలేదు. ఓడ ప్రయాణం ఆగలేదు. ఏడాదికి దాదాపు పది లక్షల లీటర్ల డీజిల్ మిగులుతున్నది. నార్వేలో విద్యుత్తు చాలావరకు జలవిద్యుత్తే కావడం వల్ల ఈ ప్రయోజనం సంపూర్ణమైంది.

పెద్ద రేవుకు ఉదాహరణ సింగపూర్. అక్కడి పాసిర్ పాంజాంగ్ టెర్మినల్‌లో 2022లో 2,000 యూనిట్ల విద్యుత్తును నిల్వచేయగల బ్యాటరీ వ్యవస్థ పనిచేయడం ఆరంభించింది. క్రేన్లు, వాహనాల గిరాకీని ముందుగా అంచనా వేసి, ఎప్పుడు నింపాలో ఎప్పుడు వాడాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది.

గుణదోష విచారణ

ఏ సాధనానికైనా గుణంతో పాటు దోషం ఉంటుంది. నేటి ఇట్టి వ్యవస్థలలో అధికంగా వాడుతున్నది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో విపణిలోకి వచ్చిన ఈ బ్యాటరీ రూపకల్పనకు గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచుకోవడం దీని గుణం. కాని నింపిన విద్యుత్తు అంతా తిరిగి రాదు. కొంత వేడిగా వ్యర్థమవుతుంది. చెరువులోని నీరు కొంత ఆవిరి కావడం వంటిదే ఇది. ఏళ్లు గడిచేకొద్దీ నిల్వ సామర్థ్యమూ సన్నగిల్లుతుంది.

అగ్నిప్రమాద భయం కూడా కలదు. 2019 అక్టోబర్‌లో నార్వేలోని ఒక ఫెర్రీ బ్యాటరీ గదిలో మంటలు రేగి, ఆ తరువాత వెలువడిన వాయువులు పేలాయి. సహాయానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది ఆసుపత్రి పాలయ్యారు. కాబట్టి చల్లబరిచే ఏర్పాట్లు, వాయువును పసిగట్టే పరికరాలు, శిక్షణ పొందిన సిబ్బంది లేకుండా బ్యాటరీలను నెలకొల్పరాదు.

అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. రేవుకు వచ్చే విద్యుత్తు ఎక్కడ పుట్టింది? మనదేశంలో విద్యుత్తులో అధిక భాగం బొగ్గు నుండే లభిస్తున్నది. అటువంటప్పుడు రేవులో ఆగిన పొగ మరొకచోట బొగ్గు విద్యుత్ కేంద్రపు గొట్టం నుండి వెలువడుతుంది. జనసమ్మర్దం గల రేవుపేటకు మేలు జరిగినా, ఆ కేంద్రం పక్కనున్న పల్లెకు కీడు తొలగదు. సౌరశక్తి, పవనశక్తి తోడైనప్పుడే విద్యుదీకరణ సార్థకమవుతుంది. సూర్యుడు పగలే వెలుగునిస్తాడు. ఓడ అర్ధరాత్రి కూడా వస్తుంది. ఇక్కడ కూడా బ్యాటరీయే వారధి.

మన తీరం

భారతదేశంలోనూ ఈ మార్పు మొదలైంది. కేరళలోని వైకం వద్ద 2017 జనవరి నుండి ఆదిత్య అనే సౌరశక్తి ఫెర్రీ నడుస్తున్నది. 2023 ఏప్రిల్‌లో కొచ్చి నగరంలో బ్యాటరీలతో నడిచే పడవలతో వాటర్ మెట్రో ప్రారంభమైంది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం హరిత సాగర్ పేరుతో రేవులకు మార్గదర్శకాలు వెలువరించింది. 2030 నాటికి రేవులలోని యంత్రాలు, వాహనాలలో సగానికి పైగా, 2047 నాటికి 90 శాతానికి పైగా విద్యుత్తుతో నడవాలన్నది వాటి లక్ష్యాలలో ఒకటి. డీజిల్ టగ్గుల స్థానంలో కాలుష్యరహితమైన టగ్గులను ప్రవేశపెట్టే పథకం 2024 ఆగస్టులో ఆరంభమైంది.

1933లో ప్రారంభమైన విశాఖపట్నం రేవు మన తెలుగు తీరానికి మకుటాయమానం. కొండల నడుమ ఒదిగిన ఆ సహజ నౌకాశ్రయం ఓడలకు తుఫానుల నుండి రక్షణనిస్తుంది. రేవును ఆనుకొని పాతనగరపు ఇళ్లు ఉన్నాయి. బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి గురించి అక్కడి ప్రజలు ఏళ్ల తరబడి మొరపెట్టుకొంటున్నారు. ఇక్కడ ఒక వివేచన అవసరం. బ్యాటరీలు, తీర విద్యుత్తు డీజిల్ పొగను నివారించగలవు గాని ఖనిజపు ధూళిని ఆపలేవు. దానికి కప్పు వేసిన గిడ్డంగులు, మూసిన రవాణా పట్టీలు, నీటి తుంపరలు కావాలి. ఒక రోగానికి మందు వేసి అన్ని రోగాలూ కుదిరాయనుకోవడం వివేకం కాదు. ఆ రేవు పది మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పుకోవడం మాత్రం శుభారంభమే.

దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట వద్ద కొత్త రేవుల నిర్మాణం చేపట్టారు. కట్టిన రేవును పగులగొట్టి తీగలు వేయడం కంటె, కట్టేటప్పుడే తీర విద్యుత్తుకు మార్గాలు, బ్యాటరీలకు స్థలాలు కేటాయించడం తేలిక. ఇల్లు కట్టకముందే బావి తవ్వుకోవాలన్న లోకజ్ఞానం ఇక్కడ వర్తిస్తుంది. ఈ రేవులలో రేపు ఇంజనీర్లుగా, క్రేన్ చోదకులుగా, అధికారులుగా పనిచేయవలసినవారు నేటి విద్యార్థులే.

రేవుకు సంపద ఎంత ముఖ్యమో, రేవు చెంత పుట్టిన బిడ్డకు స్వచ్ఛమైన గాలి అంతే ముఖ్యం. సముద్రం మీద నుండి వచ్చినవారి సొత్తుకు ఏడువందల ఎనభై ఏళ్ల క్రితమే ఈ తీరం అభయమిచ్చింది. తీరం మీదనే ఉన్నవారి ఊపిరికి అభయమివ్వడం మన తరం కర్తవ్యం.

కఠిన పదాలకు అర్థాలు

అభయం = భయం లేకుండా చేసే మాట, రక్షణ
మోకు = లావుపాటి తాడు
పౌనఃపున్యం = సెకనుకు జరిగే ఆవృత్తాల సంఖ్య
అనల్పం = తక్కువ కానిది, అధికం
తూము = చెరువు నుండి నీరు వదిలే మార్గం
విపణి = అంగడి, మార్కెట్
వారధి = వంతెన
మకుటాయమానం = కిరీటం వంటిది

వ్యాకరణం

అభయమిచ్చాడు = అభయము + ఇచ్చాడు (ఉత్వ సంధి)
నౌకాశ్రయం = నౌకా + ఆశ్రయం (సవర్ణదీర్ఘ సంధి)
శ్వాసకోశ వ్యాధులు = శ్వాసకోశమునకు చెందిన వ్యాధులు (షష్ఠీ తత్పురుష సమాసం)
గుణదోషాలు = గుణమును, దోషమును (ద్వంద్వ సమాసం)

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. రేవులో నిలిచిన ఓడ పొగ వదలడానికి కారణాలనూ, తీర విద్యుత్ సరఫరాలోని చిక్కులనూ వివరించండి.
2. బ్యాటరీని చెరువుతో పోల్చడంలోని ఔచిత్యాన్ని ఆంపియర్ ఓడ ఉదాహరణతో నిరూపించండి.

II. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. మోటుపల్లి అభయ శాసనం గురించి తెలపండి.
2. శాన్ పెడ్రో నివాసుల పోరాటం వల్ల కలిగిన ఫలితమేమిటి?
3. విద్యుదీకరణ ఎప్పుడు సార్థకమవుతుందని రచయిత అభిప్రాయం?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. హరవిలాస కావ్యాన్ని శ్రీనాథుడు ఎవరికి అంకితమిచ్చాడు?
2. సముద్రయాన నౌకలలో అధిక భాగం ఎన్ని ఆవృత్తాల విద్యుత్తుతో పనిచేస్తాయి?
3. తీర విద్యుత్తు దేనిని ఆపలేదు?